కిందికి దించిన బీఆర్‌జెడ్‌కు చలికాలం టైర్లు ఏ సైజువి వేయాలి?

టెక్సాస్ నుంచి ఈ మధ్యే మిషిగన్‌కు వచ్చానని, స్ప్రింగులు మార్చి కిందికి దించిన సుబారు బీఆర్‌జెడ్ కారుకు చలికాలంలో కంపెనీ ఇచ్చిన 215/45 ఆర్ 17 సైజునే ఉంచాలా, అందరూ చెప్పే 205/55 ఆర్ 16కు మారాలా అని మీరు అడిగారు. (ఈ సైజుల్లో మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో.) నా దగ్గర ఉన్నదీ అదే బండి. దానినీ ఒక అంగుళం దించి మిషిగన్‌లోని నోవైలో ఏడు చలికాలాలు నడిపాను. అందుచేత సూటిగా చెబుతున్నాను: ఆ రెండూ వద్దు, 195/55 ఆర్ 16 వేయండి. అయితే టైరు సైజు కన్నా ముందు రిమ్ము ఆఫ్‌సెట్ చూడండి, అంటే రిమ్ము బండికి బిగిసే తలం దాని నడిమధ్య నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో చెప్పే అంకె. బ్రెంబో కంపెనీ పెద్ద బ్రేకులున్న బండి అయితే మాత్రం, అవి 16 అంగుళాల రిమ్ములో పట్టవు కాబట్టి, ఆ ఆలోచనే మానుకొని కంపెనీ సైజులోనే ఉండండి.

మొదటి చలికాలంలో నేను ఒక దుకాణంలో వాడిన 16 అంగుళాల రిమ్ములను, వాటికి బిగించి ఉన్న 205/55 టైర్లతో సహా కొన్నాను. ఈ బండికి అందరూ ఇదే సైజు వేస్తారని దుకాణదారు చెప్పిన మాటలో అబద్ధం లేదు. కంపెనీ టైరు వ్యాసం 625 మిల్లీమీటర్లు, ఇది 632. తేడా నూటికి ఒకటే. కంపెనీ ఎత్తులో ఉన్న బండికి అది చక్కగా సరిపోతుంది. కానీ కంపెనీ రిమ్ము ఆఫ్‌సెట్ 48 అయితే ఆ రిమ్ములది 38 అన్న సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆఫ్‌సెట్ 10 తగ్గిందంటే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి జరిగిందని అర్థం. టైరు సన్నదైనందువల్ల అందులో సగం లోపలికి వచ్చినా, బయటి అంచు పాతదాని కన్నా 5 మిల్లీమీటర్లు ముందుకే ఉంది, పైన మరో 3 మిల్లీమీటర్ల ఎత్తు పెరిగింది. ఇదంతా ఫెండరు, అంటే చక్రం మీది రేకు, అప్పటికే అంగుళం కిందికి దిగిన బండిలో. ఇంటి ముందు పొడి నేల మీద స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి చూస్తే ఎక్కడా చప్పుడు రాలేదు, నేనూ నిశ్చింతగా ఉన్నాను.

ఆ డిసెంబరులో లాన్సింగ్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో భోజనం చేసి, మా వీధిలో ఉండే తమ్ముడిలాంటి కుర్రవాడితో ఐ-96 రహదారి మీద తిరిగి వస్తున్నాను. మధ్యాహ్నమంతా ఉప్పుతో కలిసి బురదలా ఉన్న మంచు, పొద్దు గూకాక గడ్డకట్టడం మొదలుపెట్టింది. హోవెల్ దగ్గర పెట్రోలు కోసం దిగి బంకులోకి మలుపు తిప్పగానే ముందు చక్రం గరగరమని, స్టీరింగు సగం వరకు తిరిగి ఆగిపోయింది. దిగి ఫోను వెలుగులో చూస్తే, చక్రానికీ లోపలి ప్లాస్టిక్ తొడుగుకూ మధ్య ఖాళీ అంతా, బస్తాలో పత్తి కుక్కినట్లు బూడిదరంగు మంచుతో నిండిపోయి ఉంది. టైరు తిరగడానికి కావలసినంత మేర మాత్రం తానే చెక్కుకున్న గాడి, అద్దంలా నున్నగా మెరుస్తోంది. చక్రం తిన్నగా ఉన్నంతసేపు ఆ గాడిలో తిరిగింది, పక్కకు తిప్పగానే టైరు భుజం ఆ గడ్డకు కొట్టుకుంది. "అన్నా, దుకాణంలో సరిపోతుందన్నారు కదా?" అని కుర్రవాడు అడుగుతుంటే, అద్దం గీకే కర్ర పిడితో దాదాపు అరగంట ఆ గడ్డలను పొడిచి రాల్చాను. కింద ప్లాస్టిక్ తొడుగు అరచేయంత మేర అరిగి కాగితంలా పలచబడింది. రహదారి మీద వేగంలో ఉండగా ఆ స్టీరింగు పట్టేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

195/55 ఆర్ 16 అని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. దాని వ్యాసం 621 మిల్లీమీటర్లు, అంటే బండి ఎత్తు తగ్గేది రెండు మిల్లీమీటర్లే. ఆఫ్‌సెట్ 48 ఉన్న రిమ్ము మీద అది లోపల సస్పెన్షన్ వైపు, బయట ఫెండరు వైపు కంపెనీ టైరు కన్నా చెరో 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలో పడిన మంచు పేరుకోకుండా రాలిపోతుంది. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే భారసూచిక కంపెనీ టైరుకు 87. 195/55లోనూ 87 దొరుకుతుంది, అంతకు తగ్గితే కొనవద్దు. సైడ్‌వాల్ 97 నుంచి 107 మిల్లీమీటర్లకు పెరుగుతుంది కాబట్టి, మార్చిలో మంచు కరిగి రోడ్లన్నీ గుంతలు తేలినప్పుడు రిమ్ము వంగే ప్రమాదమూ తగ్గుతుంది. 18 అంగుళాల రిమ్ములు అందంగా ఉంటాయని చలికాలంలోనూ వాటినే నడిపేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అంతకన్నా బాధ, వేసవి టైర్లతోనే జాగ్రత్తగా నడుపుతామనే మనవాళ్లను చూస్తే. ఏడు డిగ్రుల సెల్సియస్ కన్నా చలి పెరిగితే ఆ రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. నడిపేవారి జాగ్రత్త దానిని మెత్తబరచలేదు. వెనుక చక్రాలే కదా బండిని నడిపేవి అని రెండే కొని వెనుక వేసేవారు, బ్రేకు వేసినప్పుడూ మలుపు తిప్పినప్పుడూ భారం ముందు చక్రాల మీదే పడుతుందని మరచిపోతారు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలం టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మిషిగన్‌లోనూ అలాంటి చట్టం ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఒక్క విషయంలో మాత్రం ఏ సైజూ మిమ్మల్ని ఆదుకోదు. నా బండికీ నేలకూ మధ్య మిగిలింది నాలుగంగుళాలే, మీదీ ఇంచుమించు అంతే ఉంటుంది. అంతకు మించి మంచు పడిన ఉదయం రోడ్డు శుభ్రం చేసే వాహనం వచ్చి వెళ్లేదాకా బండి తీయకండి.

కొనే ముందు ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి విప్పి, రిమ్ము వెనుక ఈటీ అనే అక్షరాల పక్కన పోత పోసి ఉన్న అంకె చూడండి, అదే ఆఫ్‌సెట్. కొత్త రిమ్ముదీ అదే అంకె కావాలి, లేదా రెండు మూడు మిల్లీమీటర్ల తేడాలో ఉండాలి. బిగించిన తరువాత ఇద్దరిని లోపల కూర్చోబెట్టి, స్టీరింగును పూర్తిగా తిప్పి, టైరుకూ ప్లాస్టిక్ తొడుగుకూ మధ్య మీ బొటనవేలు అడ్డంగా దూరుతుందో లేదో నాలుగు వైపులా చూడండి. దూరకపోతే ఆ రిమ్ములను మంచు పడకముందే తిరిగి ఇచ్చేయండి.