వచన కవితకి లయ: ఊపిరి తీసుకున్న చోట గీత పెట్టండి

మీ కవితలు విన్నవాళ్ళు ‘పేపర్లో వార్తలా ఉంది’ అంటున్నారనీ, ఛందస్సు లేనప్పుడు లయ ఎక్కణ్ణుంచి తేవాలనీ అడిగారు. నాకూ ఈ మాట తప్పలేదు. మా ఊరి లైబ్రరీ హాల్లో కవి సమ్మేళనం. మూడో పాదానికే ఊపిరి అందలేదు. స్టేజీ దిగాక ఒక పెద్దాయన నా కాగితం తీసుకుని, ‘ఇంకోసారి చదువు బాబూ, నువ్వు ఊపిరి తీసుకున్న చోటల్లా గీత పెడతాను’ అన్నారు. ఆయన పెట్టిన గీతల్లో ఒక్కటి కూడా నేను పాదం విరిచిన చోట పడలేదు.

అప్పటి పాదాలు ఇవి:

అమ్మ చెరువు గట్టు మీద నడుస్తూ వస్తోంది
నీళ్ళ బిందె నడుము మీద ఊగుతూ వస్తోంది
ఎండ ఆమె వెనకాలే నడుస్తూ వస్తోంది

తెలుగులో క్రియ మామూలుగా చివరికే వస్తుంది. ప్రతి పాదాన్నీ పూర్తి వాక్యం చేస్తే తుంది, స్తోంది, న్నాయి అంటూ ఒకటే మోత. నేను దాన్నే అంత్యప్రాస అనుకున్నాను. వారం రోజులు పైకి చదువుకుంటూ తిరగరాస్తే ఇలా వచ్చింది:

చెరువు గట్టు మీద అమ్మ
నడుము మీద బిందె
ఒక్కో అడుగుకీ
కాసిన్ని నీళ్ళు తొణికి
చీర కుచ్చెళ్ళు తడిసి
ఎండ
వెనకపడిపోయింది

మొదటి రెండు పాదాల్లో మాత్రలు లెక్కపెట్టండి. మాత్ర అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం: ‘చె’, ‘రు’ లాంటి పొట్టి అక్షరానికి ఒకటి; దీర్ఘానికీ, సున్నా ఉన్నదానికీ, ఒత్తక్షరానికి ముందున్నదానికీ రెండు. చెరువు, గట్టు, మీద, అమ్మ, నడుము, బిందె: ప్రతి మాటా మూడు మాత్రలే. నడిచే మనిషి అడుగులా పడుతుంది. ‘ఒక్కో అడుగుకీ’ దగ్గర అది నాలుగు, ఐదు అవుతుంది. నీళ్ళు తొణికేది అక్కడే కాబట్టి తూకం తప్పనిచ్చాను. చివరిదాకా మూడేసి మాత్రలే నడిపితే అది పాటవుతుంది, వచన కవిత కాదు. గురజాడ 1910లో ముత్యాల సరాలు రాసినప్పుడు కూడా మూడూ నాలుగూ మాత్రల గణాలను, అంటే గుంపులను, మార్చి మార్చి వేశారు. అందుకే ఇలా మాత్రల లెక్కతో నడిచే మాత్రాఛందస్సు కొన్నాళ్ళు సాధన చేయమంటాను. వదిలేసినా చెవిలో ఉండిపోతుంది.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: అసమాపక క్రియలు. తొణికి, తడిసి అన్నప్పుడు వాక్యం ఆగదు, వినేవాళ్ళు తర్వాతేమిటని ఎదురుచూస్తారు. వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఒక్కటే, చివర్లో: ‘వెనకపడిపోయింది’. అంతదాకా గొంతు దిగదు.

‘యొక్క’, ‘మరియు’ కనబడితే కొట్టేయండి. ఇంట్లో ఎవరం అలా మాట్లాడం, నోరు అక్కడ తడబడుతుంది.

రాసింది ఫోన్లో రికార్డ్ చేసుకుని, కాగితం చూడకుండా వినండి. ‘ఎండ’ని నేను మొదట కింది పాదంతో కలిపే రాశాను. రికార్డింగ్‌లో ఆ మాట తర్వాత ప్రతిసారీ ఆగుతున్నానని తెలిసి, విడిగా పెట్టాను.