షాఫ్ట్ కోయకుండా దాని గట్టి పొర లోతు తెలుస్తుందా?

తెలుస్తుంది, అల్ట్రాసోనిక్ (చెవికి వినిపించనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న) తరంగాలను షాఫ్ట్ ఉపరితలం వెంట పంపి, వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో వాటి వేగం కొలిస్తే పొర లోతును అంచనా కట్టవచ్చు.

1885లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కగట్టి చూపిన ఈ ఉపరితల తరంగాలు లోహంలోకి దాదాపు ఒక తరంగదైర్ఘ్యం మేరకే దిగుతాయి. కిటుకంతా ఇక్కడే ఉంది. ఫ్రీక్వెన్సీ మారిస్తే అవి తడిమే లోతు మారుతుంది. పై పొర, లోపలి లోహం వేరువేరైతే వేగమూ మారుతుంది. కోటింగులకూ ఇదే సూత్రం.

బెంగళూరు పీణ్యాలోని ఒక వర్క్‌షాపులో, కరెంటు తీగచుట్టతో పైభాగాన్ని వేడిచేసి వెంటనే చల్లార్చే ఇండక్షన్ హార్డెనింగ్‌తో 1 మి.మీ. మేర గట్టిపడిన స్టీల్ షాఫ్ట్ ఉందనుకోండి. స్టీల్‌లో ఈ తరంగాల వేగం సెకనుకు సుమారు 3,000 మీటర్లు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 0.3 మి.మీ., అంటే తరంగం గట్టి పొరలోనే ఉండిపోతుంది. 1 మెగాహెర్ట్జ్‌కి అది 3 మి.మీ., కాబట్టి లోపలి మెత్తని స్టీల్‌నీ తాకుతుంది. గట్టిపడిన స్టీల్‌లో వేగం కొద్దిగా తక్కువ, ఆ కొద్ది తేడాయే ఆధారం. అందుకే కొలత చాలా కచ్చితంగా ఉండాలి.

ఫ్రీక్వెన్సీ పెంచితే ఇంకా లోతుకు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది సరిగ్గా దానికి ఎదురు. ఇంకో మాట, కొలిచే పరికరం నేరుగా మి.మీ.లు చూపించదు, పొర లోతు ముందే తెలిసిన నమూనా ముక్కతో పోల్చుకోవాలి.