అన్మెల్డుంగ్ కుదరదన్న గది తీసుకోవచ్చా? జర్మనీలో మొదటి రెండు నెలలు

మీరు అడిగింది ఇదీ: అక్టోబరులో జర్మనీలో ఎంఎస్ మొదలవుతుంది. వీసా చేతికొచ్చింది, బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలనెలా కొంతే తీసుకునే ఖాతా) డబ్బు పడింది. ఆరు నెలలకు తక్కువ అద్దెలో ఓ గది దొరికింది గానీ ‘అన్మెల్డుంగ్ కుదరదు’ అంటున్నారు. తీసుకోవచ్చా, దిగాక ఏ పని ముందు చేసుకోవాలి?

ఆ గది వద్దండి. నెలకు ఇంకో వంద యూరోలు ఎక్కువైనా సరే, అన్మెల్డుంగ్ ఇచ్చే గదే చూసుకోండి. అన్మెల్డుంగ్ అంటే మీరు ఫలానా చిరునామాలో ఉంటున్నారని ఆ ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేయించుకోవడం. గదిలో దిగిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని చట్టం. ఎగ్గొడితే 1000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు. జరిమానా సంగతి అలా ఉంచినా, ఆ నమోదు లేకపోతే మిగతా పనులేవీ కదలవు. ట్యాక్స్ ఐడీ దాన్నిబట్టే వస్తుంది. రెసిడెన్స్ పర్మిట్ ఏ ఊరి ఆఫీసు ఇవ్వాలో తేలేది దాన్నిబట్టే. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి అదే అడుగుతాయి. చవగ్గా వచ్చిందని ఆ గదిలో దిగితే ఆరు నెలలూ ఇవన్నీ ఆగిపోతాయి, ఈలోగా వీసా గడువు నెత్తి మీదికొస్తుంది.

డబ్బు తీసుకుని ఉత్త చిరునామా ఇస్తామనేవాళ్ళు కూడా తగులుతారు. దగ్గరికి పోకండి. ఉండని చోట ఉంటున్నట్టు నమోదు చేయించడం చట్టవిరుద్ధం, అలా చిరునామా ఇచ్చినవాళ్ళకు జరిమానా 50,000 యూరోల దాకా ఉంది. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళం కొరియర్‌లో పంపిస్తాను’ అనే ఓనర్ అయితే నూటికి నూరుపాళ్ళూ మోసమే. గదిని మీరైనా, మీకు తెలిసినవాళ్ళయినా కళ్ళారా చూడకుండా ఒక్క యూరో పంపకండి. స్టూడెంట్ హాస్టళ్ళు నడిపే స్టుడీరెండెన్‌వెర్క్‌కు ఇంకా అప్లై చేయకపోతే ఈ రాత్రే చేయండి. మ్యూనిక్ లాంటి చోట్ల వెయిటింగ్ చాలా ఎక్కువ. పక్క చిన్న ఊళ్ళలో కూడా వెతకండి. సెమిస్టర్ టికెట్ (విద్యార్థుల బస్సు, రైలు పాస్) అక్కడిదాకా చెల్లుతుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

గది ఖాయం చేసుకునే రోజే ఓనర్ దగ్గర ఒక కాగితం అడిగి తీసుకోండి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పేరు పొడుగేగానీ కాగితం ఒక్క పేజీయే. అందులో గది ఇచ్చినవాళ్ళ పేరు, చిరునామా, గది చిరునామా, మీరు దిగిన తేదీ, మీ పేరు ఉండాలి. సబ్‌లెట్ అయితే అసలు ఓనర్ పేరు కూడా కావాలి, ఇదే చాలామంది వదిలేస్తారు. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోతుందనుకుని వెళ్ళినవాళ్ళను వెనక్కి పంపేస్తారు. మీ పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పోకుండా అలాగే రాయించండి. ఇంటిపేరు, పేరు తారుమారైతే ఆ తప్పు ట్యాక్స్ కాగితాల్లోకి, ఇన్సూరెన్స్ కార్డులోకి పాకుతుంది. పెద్ద ఊళ్ళలో అపాయింట్‌మెంట్లు సెప్టెంబరు, అక్టోబరుల్లో త్వరగా నిండిపోతాయి. రద్దయిన స్లాట్లు మళ్ళీ కనిపిస్తుంటాయి కాబట్టి పొద్దున్నే ఆ సైటు చూస్తూ ఉండండి. తేదీ రెండు వారాలు దాటి దొరికితే, బుక్ చేసుకున్న మెయిల్ దాచుకోండి.

గదిలో దిగిన రోజే పోస్ట్‌బాక్స్ మీద మీ పేరు అంటించండి. ఇదేం పెద్ద పని అనిపిస్తుంది గానీ, కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అక్కడ అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఫ్లాట్ నంబరు వేయరు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు లేకపోతే వెనక్కి పంపేస్తాడు. ట్యాక్స్ ఐడీ, బ్యాంకు కార్డు, దాని పిన్ వేరుగా ఇంకో కవరులో, ఇన్సూరెన్స్ కార్డు, అన్నీ పోస్టులోనే వస్తాయి. ఫ్లాట్ వేరేవాళ్ళ పేరు మీద ఉంటే వాళ్ళ పేరు కింద మీదీ రాసి అంటిస్తే చాలు.

ఇక డబ్బు. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోలు మీవేగానీ, చేతికొచ్చేది నెలకు 992 మాత్రమే. అదీ జర్మనీలో మామూలు ఖాతా తెరిచి, దాని ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) ఇచ్చి, యాక్టివేట్ చేయించాకే. వారాలు పట్టొచ్చు. ఈలోగా మొదటి అద్దె, కౌత్సియోన్, సెమిస్టర్ ఫీజు ముంచుకొస్తాయి. కౌత్సియోన్ అంటే అద్దె డిపాజిట్. హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించి అడగకూడదు, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. అయినా రెండు నెలల ఖర్చు, డిపాజిట్ కలిపి బ్లాక్డ్ అకౌంట్‌తో సంబంధం లేకుండా చేతిలో ఉంచుకోండి.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలో 30 ఏళ్ళు నిండనివాళ్ళకు నా సలహా ఒక్కటే, ప్రభుత్వ ఇన్సూరెన్స్. ప్రైవేటు చవగ్గా కనిపిస్తుంది. కానీ దానికోసం ఒకసారి మినహాయింపు తీసుకుంటే చదువు అయ్యేదాకా స్టూడెంట్ హోదాతో ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లోకి తిరిగి రాలేరు. ప్రయాణానికి తీసుకున్న పాలసీతో అడ్మిషన్ పూర్తి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీయే యూనివర్సిటీకి నేరుగా ఆన్‌లైన్‌లో సమాచారం పంపాలి.

నమోదైన కొన్ని వారాలకు రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అని, పబ్లిక్ రేడియో, టీవీల రుసుము గురించి ఒక ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోలు కట్టాల్సిందే. ఫ్లాట్ మొత్తానికి ఒక్కరు కడితే చాలు, రూమ్మేట్ కడుతుంటే వాళ్ళ రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపండి. పక్కన పడేస్తే బాకీ పేరుకుపోతుంది.

పార్ట్‌టైమ్‌కు ఏడాదిలో 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. నాలుగు గంటల్లోపు పని సగం రోజు కింద లెక్క. యూనివర్సిటీలో స్టూడెంట్ అసిస్టెంట్‌గా చేసే పని ఈ లెక్కలోకి రాదు, కాబట్టి ముందు ప్రొఫెసర్ల పేజీలు చూడండి. ఫ్రీలాన్స్ పద్ధతిలో డెలివరీ చేయడం విడిగా అనుమతి లేకుండా కుదరదు.

ఒక్క మాట పరీక్షల గురించి. క్లాసుకు పేరిచ్చినంతమాత్రాన పరీక్షకు ఇచ్చినట్టు కాదు, దానికి వేరే గడువు ఉంటుంది. చాలా కోర్సుల్లో ఒక సబ్జెక్టుకు మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారీ పోతే ఆ కోర్సునుంచి తీసేస్తారు, అదే కోర్సులో ఇంకో జర్మన్ యూనివర్సిటీలో చేరడం కూడా కష్టమవుతుంది. సిద్ధంగా లేకపోతే గడువులోపు పేరు వెనక్కి తీసుకోండి.

చివరిగా రెసిడెన్స్ పర్మిట్. వీసా మీద గడువు ఇప్పుడే చూడండి, చాలామందికి మూడు నుంచి ఆరు నెలలే ఉంటుంది. అన్మెల్డుంగ్ అయిన వారంలోనే విదేశీయుల వ్యవహారాల ఆఫీసైన ఔస్లెండర్‌బెహ్యోర్డెకు దరఖాస్తు పెట్టేయండి. గడువు ముగిసేలోపు దరఖాస్తు చేరితే, నిర్ణయం వచ్చేదాకా మీ హోదా కొనసాగుతుంది. అపాయింట్‌మెంట్ దొరకలేదని ఊరుకోకుండా ఆన్‌లైన్‌లోనో మెయిల్‌లోనో పంపి రసీదు దాచండి. మధ్యలో ఫిక్షియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. డిసెంబరు సెలవులకు దేశం దాటాలనుకుంటే దాని మీద టిక్కు ఎక్కడ పెట్టారో చూడండి. జర్మన్ రెసిడెన్స్ చట్టం 81వ సెక్షన్‌లో 4వ పేరా ఉన్న గడిలో పెడితే వెళ్ళి తిరిగి రావచ్చు. 3వ పేరా గడిలో పెడితే ఆ పత్రంతో తిరిగి రానివ్వరు. టికెట్ కొనకముందే, కౌంటర్ దగ్గర నిలబడి ఉండగానే చూసుకుని, తప్పుంటే అక్కడే అడగండి.