కణం పాఠం చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడూ,

సోమవారం నుంచి ఎనిమిదో తరగతికి జంతు కణం మొదలుపెడుతున్నానని, చార్ట్ గీయడానికే రెండు రోజులు పట్టిందని ఫోన్‌లో చెప్పావు. చార్ట్ మంచిదే, కానీ మొదటి పీరియడ్‌లో దాన్ని గోడకి తగిలించకు.

నా తొలి రోజుల్లో నేను బోర్డు మీద గుండ్రం గీసి, మధ్యలో కేంద్రకం పెట్టి, బాణాలు వేసి పేర్లు రాసేవాణ్ని. పిల్లలు అచ్చం అలాగే దించేసేవాళ్లు. ఒకరోజు ఒక పిల్ల లేచి, "మాస్టారూ, కణంలో మైటోకాండ్రియా మూడేనా?" అని అడిగింది. కణానికి శక్తి తయారుచేసే ఆ చిన్న భాగాలు బోర్డు మీద నేను వేసినవి మూడే మరి. కాలేయ కణంలో అవి వందలు, వేలల్లో ఉంటాయని నేను చెప్పనేలేదు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటినుంచి ముందు చూపించడం, తర్వాత పేరు చెప్పడం అలవాటు చేసుకున్నాను.

బుగ్గ కణాలతో మొదలుపెట్టు. లీటరు నీళ్లకి 9 గ్రాముల ఉప్పు కలిపి ఉంచుకో. పిల్లలు నోరు పుక్కిలించాక, కొత్త టూత్‌పిక్ మొద్దు కొసతో బుగ్గ లోపల మెల్లగా రాసి, స్లయిడ్ మీది ఉప్పునీటి చుక్కలో కలపాలి. ఆ మీద ఒక చుక్క పలుచటి మిథిలీన్ బ్లూ, కణాలకి రంగెక్కించే నీలి ద్రవం. దుకాణంలో దొరక్కపోతే అక్వేరియం షాపులో అడుగు, చేపల మందుగా అమ్ముతారు. బట్టల మీద పడితే మరక పోదు, జాగ్రత్త. కవర్ స్లిప్‌ని ఒక పక్క నుంచి వాలుగా దించు, లేకపోతే గాలి బుడగలు చేరతాయి. నల్లటి మందపాటి అంచుతో నిండుగా గుండ్రంగా కనిపించే బుడగని చూసి "కణం, కణం!" అని క్లాసంతా అరుస్తుంది. కంగారుపడకు. అసలు కణం అలా ఉండదని, పలుచటి నీలి రేకులా, అంచులు మడతపడి, లోపల ముదురు నీలం చుక్కతో ఉంటుందని చూపించు. ఆ చుక్కే కేంద్రకం. 1831లో రాబర్ట్ బ్రౌన్ దానికి పేరు పెట్టాడు.

"మిగతావి ఏవి మేడమ్?" అంటారు. ఈ మైక్రోస్కోపులో కనపడవని నిజం చెప్పెయ్. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకే వాటి లోపలి నిర్మాణం స్పష్టంగా తెలిసిందని చెప్పు. అప్పుడు తీయి నీ చార్టు.

రెండో రోజు చేప రక్తం. ఇది మన విశాఖ పిల్లలకే దొరికే భాగ్యం. ఫిషింగ్ హార్బర్ దగ్గర పొద్దున్నే తాజా చేప కోసేటప్పుడు చిన్న సీసాలో ఒక చుక్క అడిగితే చాలు. ఉప్పునీటిలో పలుచన చేసి చూస్తే కోలగా ఉండే ఎర్ర కణాలు, వాటిలో కేంద్రకం. మన ఎర్రకణాల్లో అయితే పరిపక్వమయ్యాక కేంద్రకం ఉండదు. కణాలన్నీ ఒకేలా ఉండవన్న సంగతి ఒక్క చుక్కతో తేలిపోతుంది. ఇంకో స్లయిడ్‌లో మామూలు నీళ్లు కలుపు. కణాలు ఉబ్బి పగిలిపోతాయి. కణం చుట్టూ ఉండే ప్లాస్మా పొర ఎందుకుండాలో ఇక నువ్వు చెప్పక్కర్లేదు. పిల్లల వేలు మాత్రం సూదితో పొడవొద్దు, ఎంత అడిగినా సరే.

పోలికలు వాడతావు కదా, పాసులు చూసి లోపలికి వదిలే మన పోర్టు గేటు లాంటిది ప్లాస్మా పొర అని చెప్పు. గాల్జీ సంక్లిష్టం సరుకు మూటకట్టి పంపే చోటు. పోలికలు అంతటితో ఆపి, కణంలోని భాగాలు ఒకచోట పాతుకుపోయి ఉండవు, కదులుతుంటాయని కూడా చెప్పు.

మైటోకాండ్రియా దగ్గరికొచ్చినప్పుడు యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకో. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కండరంలో ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొని 1929లో ప్రకటించారు. మైటోకాండ్రియా తయారుచేసే శక్తి సరుకు అదే. మనవాడని తెలిస్తే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, నేను చూశాను.

మన సముద్రపు తేమకి లెన్సులకి బూజు పడుతుంది. మైక్రోస్కోపు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు. నా దగ్గర కవర్ స్లిప్పుల డబ్బా, రెండు పాత స్లయిడ్ పెట్టెలు ఉన్నాయి. శనివారం మర్రిపాలెం వచ్చి తీసుకెళ్లు, మీ అత్త నీ కోసం పులిహోర చేస్తానంటోంది.

ఆశీస్సులతో,
మామయ్య