హాజరీ పిలిచేటప్పుడు నవ్వకు బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నీకు భూపాలపల్లి దిక్కు హైస్కూల్ల తెలుగు పోస్టింగ్ వచ్చిందని నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసి చెప్పంగనే మీ పెద్దమ్మ దేవుని ముందర దీపం పెట్టింది. మన ఇంట్ల నా తర్వాత సుద్దముక్క పట్టేది నువ్వే. సంబురంతోని నిద్ర పట్టలేదు. ఫోన్ పెట్టేసే ముందు మీ బాపు ఇంకో మాట అన్నడు. "అది నోట్‌బుక్కు నిండ జోకులు రాసుకుంటున్నదే అన్నా, క్లాసుల పిల్లలను నవ్విస్తదట." ఆ మాట విన్నంక ఉన్న నిద్ర కూడ పోయింది. పొద్దున లేవంగనే రాస్తున్న.

నవ్వించొద్దని రాస్తలేను. నవ్వు నాలుగు విధాల చేటని బెత్తం పట్టుకొని తిరిగే సార్ల కాడ చదువుకున్నోణ్ణి నేను. ఆ క్లాసులల్ల నేర్చిన ఛందస్సు కన్న భయమే ఎక్కువ యాదికున్నది. నీ క్లాసు నవ్వాలని నువ్వు అనుకున్నందుకు నాకు గర్వంగ ఉన్నది.

చిన్నచిన్నవి నీకు తెలిసినయే. ముచ్చట చెప్పకముందే నువ్వు నవ్వకు, ఫోన్ల చూసి చదవకు, పిల్లలు సద్దుమణిగినంకనే పాఠం ఎత్తుకో.

ఆ నోట్‌బుక్కు మాత్రం ఇంట్లనే పెట్టిపో. బయట నుంచి తెచ్చి అతికించిన జోకు గంట కొట్టంగనే రాలిపోతది. పాఠంల నుంచే నవ్వు పుట్టాలె. సరళాదేశ సంధి చెప్పే రోజు బోర్డు మీద ఖాళీ ఇడువకుంట 'రామునితోకపివరుండిట్లనియె' అని రాయి. ఏ ఒక్కణ్ణీ లేపకు, క్లాసంతా ఒక్కసారి చదువుమను. 'రాముని తోక, పివరుండు ఇట్లనియె' అంటరు. రామునికి తోకేంది, ఈ పివరుడెవడు అని వాళ్లే పొర్లిపొర్లి నవ్వుతరు. అప్పుడు చెప్పు. 'తోన్' చివర ద్రుతం, అంటే 'న్', ఉన్నది, దాని మీద వచ్చిన 'క' 'గ' అయితది. 'రామునితోఁ గపివరుండు' అని సరిగ్గ రాసి చూపియ్యి. తోక ఊడిపోతది, కపివరుడు, అంటే మన హనుమంతుడు, మిగులుతడు. ఇది నేను పుట్టించింది కాదు, తెలుగు పంతుళ్లు ఒకరి నుంచి ఒకరు అందుకున్నదే. అందరు కలిసి తప్పు చదివిండ్రు, అందరు కలిసి నవ్విండ్రు, ద్రుతం తలకెక్కింది. బోర్డు మీద తప్పు చదువుడుల ఎవ్వరూ ఒంటరిగ దొరకలేదు చూడు, అది మరువకు.

నా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చినంక మన ఊరికి చిందోళ్లు, అంటే చిందు యక్షగానం ఆడేటోళ్లు, వచ్చేటోళ్లు. ఆటల నవ్వించే బుడ్డర్‌ఖాన్ వేషం రాంగనే ముసలి ముతక లేచి కూసునేది. కిరీటం పెట్టుకున్న రాజు వేషాన్ని పట్టుకొని ఆడించేటోడు, ఊరి పెద్దమనిషికి కూడ ఒక చురక పెట్టేటోడు. ముందు వరుసల నత్తితోని మాట్లాడే మా మంగలి తాత కూసునేటోడు. ఆయన జోలికి మాత్రం పోలేదు, ఒక్కనాడు పోలేదు. అప్పుడు నాకు అది సమజ్ కాలేదు. సమజ్ అయ్యేసరికి ఒక పిల్లగాని చదువు పోయింది.

నౌకరీల చేరిన కొత్తల నాకు గొంతులు అనుకరించే పిచ్చి. నేరెళ్ల వేణుమాధవ్ గారిని మైకు ముందర చూసుకుంట పెరిగిన వరంగల్ పోరలం. ఆయన చేసింది పెద్దపెద్ద నటుల గొంతులు, నాయకుల గొంతులు. నేను ఆర్టీసీ కండక్టర్ కేకతోని మొదలుపెట్టిన. పిల్లలు నా పీరియడు కోసం కాసుకొని ఉండేటోళ్లు.

ఆరో తరగతిల ఒక పోరడు ఉండె. గొర్లు కాసేటోళ్ల కొడుకు, బక్కగ, చేతిల సద్ది మూట. హాజరీ పిలిస్తె అందరు 'ప్రెజెంట్ సార్' అంటే వాడు 'పెర్జెంట్ సార్' అనేటోడు. ఒకనాడు అదే గొంతుతోని, అదే సాగతీతతోని నేను తిరిగి అన్న. క్లాసు గొల్లుమన్నది. వాడు కూడ నవ్విండు. వాడే నవ్వుతున్నడు కదా అని రోజూ అన్న. సార్ ముందర నవ్వక ఆ పసివాడు ఏం చేస్తడు బిడ్డా?

రెండు వారాలల్ల వాని పేరు పోయి బడంతా వాణ్ణి 'పెర్జెంట్' అని పిలుసుడు మొదలైంది. వాడు నోరు తెరుసుడు బంద్ పెట్టి చెయ్యి లేపుడు పట్టిండు. తల వంచుకొని రాస్తున్న నాకు ఆ చెయ్యి కనపడక ఒకనాడు ఆబ్సెంట్ వేసిన. దసరా సెలవులైనంక వాడు రానేలేదు. ఆ పేజీ ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది. వాని పేరుకు ఎదురుంగ ఎర్ర సిరాతోని నెల చివరిదాక 'ఏ' వెనుక 'ఏ'. ఆ తర్వాతి నెల పేరు మీద అడ్డగీత. గీత గీసింది నా చెయ్యే. వాళ్ల ఇంటికి పోదామనుకున్న, పోలేదు. వాళ్ల ఇండ్లల్ల చదువులు ఇంతే అని నాకు నేనే సర్ది చెప్పుకున్న.

రిటైరైనంక మీ బాపుతోని మిర్చి అమ్మేటందుకు ఎనుమాముల మార్కెట్‌కు పోయిన. బస్తాలు దించే మనిషి ఒకడు 'నమస్తె సార్' అని నిలబడ్డడు. గుర్తుపట్టలేదు. పేరు చెప్పిండు. నా కాళ్లల్ల సత్తువ పోయింది. ఏం మాట్లాడాలో తెల్వక పిల్లలేం చదువుతుండ్రని అడిగిన. "కొడుకు ఆరో తరగతికొచ్చిండు సార్. హాజరీకి నోటితోని చెప్పకు, చెయ్యి లేపు అని ముందుగాల్నే చెప్పి పంపిన" అన్నడు. ఆ గొంతుల కోపం లేదు. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అని చెప్పినట్టే చెప్పిండు. చెయ్యి పట్టుకొని తప్పయింది అన్న. 'అయ్యో సార్' అని బస్తా భుజానికెత్తుకొని పోయిండు.

వికృతమైన వేషం నుంచి, మాట నుంచి హాస్యం పుడుతదని నాట్యశాస్త్రం రాసిన భరతుడు చెప్పిండని నేను ఏండ్ల తరబడి పాఠం చెప్పిన. అది రంగస్థలం మీది సంగతి. నటుడు ఆట అయినంక వేషం విప్పి ఇంటికి పోతడు. ఆ పిల్లగాడు విప్పేటందుకు ఏమున్నది? వాళ్లమ్మ నేర్పిన మాట అది.

నువ్వు పోయే దిక్కు కోయ పిల్లలు, లంబాడ పిల్లలు ఉంటరు. ఇంట్ల ఒక భాష, బడిల ఒక భాష. మన యాసను చూసి నవ్విండ్రని మనం ఎంత బాధపడ్డం! బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్న కాళోజీ పుట్టినరోజునే సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం. ఆ రోజు మైకు నీ చేతికే ఇస్తరు. మాట్లాడేటప్పుడు నీ ముందర కూసున్న పిల్లల నాలుకలు యాదికి పెట్టుకో.

ఇంకొకటి, ఇది గట్టిగనే చెప్తున్న. పిల్లలు తప్పు పలికినప్పుడు వీడియో తీసి రీల్స్ పెట్టే అలవాటు కొందరు టీచర్లకు వచ్చింది. నువ్వు ఫోన్ ఎట్ల పట్టుకుంటవో నాకు తెలుసు. ఆ పని చేస్తె నేను నీతోని మాట్లాడ. నేను వెక్కిరించింది నలభై మంది ముందర, అదీ ఒక ఊళ్లె. అయినా ఒక జన్మంత పాకింది.

కోపం కాదు తల్లీ, భయం. నీది మెత్తటి మనసు, చిన్నప్పుడు పిచ్చుక పిల్ల చచ్చిపోతె రెండు రోజులు అన్నం తినలేదు. నవ్వు నీకు మంచిగ వస్తది గనుకనే ఇంత రాస్తున్న.

మొదటి రోజు హాజరీ పిలిచేటప్పుడు తల ఎత్తి ప్రతి ముఖం చూడు. 'మీ ఇంట్ల నిన్నేమని పిలుస్తరు' అని అడిగి, వాళ్లు ఎట్ల పలికితె అట్లనే పలుకు. ఎవరన్న నోరు తెరువక చెయ్యి లేపితె, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

సంక్రాంతికి వచ్చినప్పుడు రాముని తోక ముచ్చట ఎట్ల నడిచిందో చెప్పాలె. మీ పెద్దమ్మ సకినాలకు నువ్వులు ఇప్పుడే తెచ్చి పెట్టింది.

నీ పెద్దబాపు