ఓపెన్ ఫైల్ ఇచ్చేయాలా?

ప్రశ్న: స్వీట్ షాపుకు లోగో చేశాను. ఆరుసార్లు మార్పులు చేయించారు. ఇప్పుడు ఓపెన్ ఫైల్ (ఎవరైనా మార్చుకోగలిగే అసలు డిజైన్ ఫైల్) ఇస్తేనే మిగతా ఐదు వేలు ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: డబ్బు చేతికొచ్చేదాకా ఇవ్వకమ్మా. విజయవాడలో పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ మొహమాటానికి ఓ పెళ్లిపత్రిక ఫైల్ ఇచ్చేశాను. ఫోన్ ఎత్తడం మానేశారు. పైగా ప్రెస్సులో నా ఫాంట్ లేక ఒత్తులన్నీ విడిపోయాయి. పెళ్లికూతురు పేరు ‘లక్ష్మి’లో క కింద ష, మ రెండూ విడివిడిగా పడ్డాయి. ఆ కార్డు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ముందు చూపించడానికి చిన్న సైజు జేపీఈజీ చాలు, పైన మీ పేరు అడ్డంగా వేసి పంపండి. డబ్బు అందాక అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. ఓపెన్ ఫైల్‌కు విడిగా రేటు అడగండి, అందులో తప్పేమీ లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసివ్వాలంటే కాగితం మీద మీ సంతకం ఉండాలి, నోటిమాట చెల్లదు.

ఈసారి నుంచి సగం అడ్వాన్స్, రెండే మార్పులు అని వాట్సాప్‌లో ముందే రాసి, వాళ్లచేత ‘సరే’ అనిపించుకుని పని మొదలుపెట్టండి.