జాబితాలో లేని మాటలు కలిపి చూడండి
విశాఖ గాజువాకలో తెలుగు నేర్చుకుంటున్న ఒడియా, హిందీ వారికి వంద మాటల జాబితా ఇచ్చి, తెలిసిన వాటికి టిక్కు పెట్టమంటే తొంభైకి పెట్టారని, కరపత్రం ఇస్తే మాత్రం వారికి అర్థం కావడం లేదని మీరు రాశారు. లోపం వారిది కాదండీ, జాబితాది. అందులో ‘గొడిమ’, ‘చెలుటు’ లాంటి, తెలుగులా వినిపించే కల్పిత మాటలు కలపండి. వాటికీ టిక్కు పెడితే, తెలియకుండానే పెడుతున్నారని తేలుతుంది. నిఘంటువులో లేవని ముందే చూసుకోండి. 1980లలో పదసంపద పరిశోధకుడు పాల్ మియరా ఈ పద్ధతిపై కృషి చేశారు.

60 అసలు మాటల్లో 48 (80 శాతం), 40 కల్పిత మాటల్లో 8 (20 శాతం) తెలుసన్నారనుకోండి. 80లో 20 తీసేస్తే 60. దాన్ని, వందలో 20 పోగా మిగిలిన 80తో భాగిస్తే, నిజంగా తెలిసినవి 75 శాతం. నేనైతే ఆ అంకెనే నమ్ముతాను. వెళ్ళాడు, వెళ్ళింది అన్నవి ఒకే మాటగా లెక్కించండి.

తర్వాత, తెలుసన్న వాటిలో ఓ ఐదింటితో వాక్యాలు చెప్పించండి. పూర్ణా మార్కెట్‌లో బేరమాడేటప్పుడు వారికి అక్కరకొచ్చేవి అలా నోట పలికే మాటలే.